గ్యాస్ మాత్ర మీద 40 ఉంటే పవర్ ఎక్కువా?

"పక్కింటాయనకు 40 రాశారు, మా నాన్నకు 20 సరిపోతుందా డాక్టర్ గారూ?" ఎండోస్కోపీ రిపోర్టు పట్టుకుని ఎవరో ఒకరు ఈ మాట అడగని వారం లేదు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. "20 అంటే పిల్లల డోసు" అని పుకారు పుట్టించేవాళ్ల మీదే నా కోపం.

మందు ఒకటే అయితేనే మిల్లీగ్రాములు పోల్చాలి. అన్నవాహికలో పుండ్లకు రోజుకు మామూలు పూర్తి డోసు ఒమెప్రజోల్ 20, ల్యాన్సోప్రజోల్ 30, పాంటోప్రజోల్ 40, రాబెప్రజోల్ 20. యాసిడ్‌ను అణచే శక్తి చూస్తే పాంటోప్రజోల్ 40 సుమారు 9 మిల్లీగ్రాముల ఒమెప్రజోల్‌కు సమానం. రాబెప్రజోల్ 20 దాదాపు 36కు సమానం! అలాగని పాంటోప్రజోల్ పనికిరాదని కాదు, గ్రేడ్ ఎ, బి పుండ్లు (అంటే తీవ్రత తక్కువగా ఉన్నవి) దానితో చాలామందికి మానతాయి. తేడా తెలిసేది తీవ్రంగా ఉండే సి, డి గ్రేడుల్లోనే.

గ్రేడ్ సి ఉన్న ఒక పెద్దాయనకు రాబెప్రజోల్ 20 రాశాను. ఎవరో చెప్పారని అది పక్కన పెట్టి పాంటోప్రజోల్ 40 కొనుక్కుని, రాత్రి భోంచేశాక వేసుకున్నారు. మంట తగ్గలేదు. పెద్ద డోసుకే లొంగలేదంటే క్యాన్సరేనని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. మళ్లీ ఎండోస్కోపీ చేస్తే అవే పుండ్లు, ఇంకేమీ లేదు. పాత మాత్రే పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోమన్నాను. ఈసారి మానాయి. కడుపు గోడలో యాసిడ్‌ను వదిలే పంపులుంటాయి, ఈ మందులు వాటిలో పనిలో ఉన్నవాటినే మూస్తాయి. ఆ పంపులు ఎక్కువగా పనిచేసేది తిన్నప్పుడే కాబట్టి, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. మాత్ర తిన్నాక వేసుకుంటూ డోసు పెంచమంటే ఏం లాభం?

మంట తగ్గింది కదా అని వారానికే మానేయకండి, పుండు మానడానికి సాధారణంగా 8 వారాలు పడుతుంది. సి, డి గ్రేడుల వాళ్లకు ఆ తర్వాత కూడా మందు కొనసాగాలి.

మాత్ర పేరు చివర 'డి' ఉంటే ఇంకా మంచిదని కాదు. ఆ 'డి' అంటే అందులో కలిపిన డోంపెరిడోన్ అనే వాంతుల మందు, అది పుండును మాన్పదు. గుండె లయ సమస్య ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా.

కొత్తగా వచ్చిన వొనోప్రజాన్‌ను తిండికి ముందైనా తర్వాతైనా వేసుకోవచ్చు. కానీ అది వేరే తరగతి మందు, దాని 20ని వీటి 20తో పోల్చకండి.

ముద్ద గొంతు దిగాక అడ్డం పడుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా, బరువు తగ్గుతున్నా డోసుల లెక్క వదిలేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.