బుడ్డ దిగిందా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో సర్జన్‌ని. బుడ్డ, అంటే వరిబీజం (వృషణాల వాపు) కేసులు నా దగ్గరికి ఎక్కువగా యాసంగి కోతలయ్యాకే వస్తాయి. పొలం పని ఆగొద్దుగా! అప్పటికి పంచె చాటున వాపు ఏళ్ల తరబడి పెరిగి ఉంటుంది.

అపోహ: "బరువులు మోస్తే బుడ్డ దిగుతది."
వాస్తవం: బరువులతో ముదిరేది హెర్నియా, అంటే గజ్జల్లోంచి పేగు జారడం. వరిబీజంలో వృషణం చుట్టూ పొరలో నీరు చేరుతుంది. దెబ్బ, ఇన్ఫెక్షన్ కారణం కావచ్చు. ఒక్కోసారి కారణమే దొరకదు. కరీంనగర్, జగిత్యాల వైపు మనిషైతే ఫైలేరియానూ (బోదకాలు జబ్బు) అనుమానిస్తాం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని అంటిస్తుంది. కాలు వాయకుండా వృషణాల దగ్గర మాత్రమే వాయొచ్చు.

అపోహ: "బోదకాలు గోళీలు మింగితే తగ్గుతది."
వాస్తవం: ఇంటింటికీ పంచే డీఈసీ, ఆల్బెండజోల్ గోళీలు రక్తంలోని ఫైలేరియా పురుగు పిల్లల్ని తగ్గించి, వ్యాప్తిని ఆపుతాయి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లు తప్ప అందరూ మింగాలి. కానీ చేరిన నీటిని అవి తీసేయలేవు. సూదితో లాగించుకుంటే మళ్లీ నిండుతుంది, చీము పట్టే ప్రమాదం అదనం. పెద్దవాళ్లకు ఆపరేషనే దారి: నీరు తీసి, పొరను కత్తిరిస్తాం లేదా తిరగేసి కుడతాం. చంటిపిల్లల్లో చాలావరకు ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది.

అపోహ: "ఆపరేషనైతే సంసారానికి పనికిరాడు."
వాస్తవం: తీసేది పొరనే, వృషణాన్ని కాదు. అడగడానికి భర్త నోరు మెదపడు, భార్యే అడుగుతుంది.

అపోహ: "నొప్పి లేదుగా, ఉండనీ."
వాస్తవం: యువకుల్లో వచ్చే వృషణ క్యాన్సర్ కూడా తరచూ నొప్పి లేని గట్టి గడ్డగానే మొదలవుతుంది. త్వరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. అల్ట్రాసౌండ్ చేయించండి.

అపోహ: "పోరనికి పొత్తికడుపు నొప్పి, వాము నమిలితే పోతది."
వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. వృషణం మెలిపడితే రక్తం ఆగిపోతుంది. హఠాత్తుగా నొప్పి, వాంతి. పిల్లాడు సిగ్గుపడి కడుపునొప్పి అంటాడు. ఆరు గంటల్లోపు మెలి విప్పితే సాధారణంగా దక్కుతుంది. ములుగు అవతలి ఊళ్ల నుంచి వరంగల్ చేరడానికే అందులో కొంత పోతుంది. తెల్లారేదాకా ఆగకండి. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే నొప్పి వృషణంలో అని పిల్లాడి తరఫున మీరే చెప్పండి.