మోటు ఒడ్డున వేయని షామియానా

మోటు దగ్గర ఒడ్డున నిలబడితే కాళ్ల కింద ఒడిశా, శబరి దాటితే ఛత్తీస్‌గఢ్, సీలేరు దాటితే ఆంధ్ర. రెండు నదులూ కలిసేది ఇక్కడే. ఆ నీళ్లు కూనవరం దగ్గర గోదావరిలో పడి పోలవరం వైపు పోతాయి. అక్కడ డ్యామ్ కట్టి 150 అడుగుల మట్టాన నీళ్లు నిలబెడితే వెనక్కి ఎంత దూరం తన్నుతాయన్నదే ఇన్నేళ్ల గొడవ.

1980లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, అప్పటి మధ్యప్రదేశ్ ఈ డ్యామ్ మీద ఒప్పందం చేసుకున్నాయి, గోదావరి నీళ్ల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ దాన్ని తీర్పులో చేర్చింది. జనాన్ని అడగాలన్న రూలు అప్పుడు లేదు. ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే ముందు సభ పెట్టి జనం మాట వినే ప్రజాభిప్రాయ సేకరణ మన దగ్గర తప్పనిసరి అయ్యింది 1997లో. ఐరోపా దేశాలు మాత్రం 1991లోనే ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఒక ఒప్పందం రాసుకున్నాయి: నా ప్రాజెక్టు వల్ల నీ దేశానికి పెద్ద దెబ్బ తగిలేలా ఉంటే ముందే కబురు పెట్టాలి, నా ప్రజలకిచ్చిన అవకాశమే నీ ప్రజలకీ ఇవ్వాలి.

పోలవరానికి పర్యావరణ అనుమతి వచ్చింది 2005 అక్టోబరు 25న. షామియానా, మైకు, వేదిక మీద అధికారులు... ఆ ప్రజాభిప్రాయ సభల హడావిడంతా ఆంధ్ర వైపే జరిగింది. ఎగువ రాష్ట్రాల్లో మునిగేవాళ్లను అడగలేదంటూ 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ అనుమతిని కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది.

మీ ఊళ్లు మునగవు, శబరి, సీలేరు వెంట కరకట్టలు కడతామని ఆంధ్ర చెప్పింది. ఒడిశాలో 30 కిలోమీటర్లు, ఛత్తీస్‌గఢ్‌లో 29. కానీ ఆ కట్టలు కట్టేదీ వాళ్ల నేల మీదే కదా! దానికీ జనాన్ని అడగాల్సిందేనని 2011 ఫిబ్రవరిలో కేంద్రం పనులు ఆపమంది. తర్వాత ఆ ఆదేశాన్ని కొంతకాలానికని పక్కనపెట్టి, ఆ గడువునే మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చింది.

అసలు ముడి ఇక్కడుంది. సభ పెట్టాల్సింది ఏ రాష్ట్రంలో జనం మునుగుతారో ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. ప్రాజెక్టు వద్దని సుప్రీంకోర్టుకెక్కిన ఒడిశా దానికోసం షామియానా ఎందుకు వేస్తుంది? మండలి 45 రోజుల్లో సభ జరపకపోతే పని వేరే సంస్థకు అప్పగించవచ్చని పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లో ఉంది. అయినా ఏళ్లు గడిచాయి, సభ జరగలేదు. నన్నడిగితే, మూడు ప్రభుత్వాలకూ ఆ సభ జరగకపోవడమే సుఖంగా ఉంది.

2014లో ఇంకో హద్దు సమస్య వచ్చింది. దానికి ఏకంగా హద్దునే జరిపేశారు: తెలంగాణలోని ఏడు ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022 జులైలో అక్కడ గోదావరి 71.3 అడుగులకు లేచింది, 1986 నాటి 75.6 తర్వాత అదే ఎక్కువ. పోలవరం వెనుక జలాల వల్లేనని తెలంగాణ, కాదని ఆంధ్ర. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను కూర్చోబెట్టి మాట్లాడమని కేంద్రానికి చెప్పింది. అలా కూర్చునేది కార్యదర్శులూ ఇంజినీర్లూ. మోటు నుంచి ఎవరికీ అక్కడ కుర్చీ లేదు.