ఒకే కుండ కూడు, ఒకరికే టీబీ

కడప వైపు పల్లెల్లో సంబంధం మాట్లాడేటప్పుడు పొలం, ఉద్యోగం అయ్యాక గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంది: "ఆ ఇంట్లో టీబీ ఎవరికన్నా ఉన్నిందా?" తాతకు వచ్చి, తర్వాత చిన్నాయనకు కూడా వచ్చిందంటే ఇక అది ఆ ఇంటి రక్తంలోనే ఉందని తేల్చేస్తారు.

మూఢనమ్మకం అని నవ్వేయొచ్చు. కానీ పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ డాక్టర్లు చాలామంది నమ్మింది కూడా ఇదే. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు క్షయ క్రిమిని చూపించాక వంశం మాట వెనక్కి పోయింది. చిక్కు మాత్రం మిగిలింది. క్రిమి ఒంట్లో చేరిన వంద మందిలో బతుకంతా చూసినా జబ్బు పడేది అయిదు నుంచి పది మందే. ఒకే గదిలో పడుకున్న అన్నదమ్ముల్లో తమ్ముడికే ఎందుకు వచ్చినట్టు?

జర్మనీలోని ల్యూబెక్‌లో 1929-30లో జరిగిన ఘోరం దీనికి జవాబులా కనిపించింది. టీకా మందులో అసలు క్షయ క్రిమి కలిసిపోయి 251 మంది పసిబిడ్డల నోట్లోకి వెళ్ళింది. 72 మంది టీబీతో చనిపోయారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది బతికారు. పుట్టుకతో వచ్చే తేడాకు ఇదే రుజువని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. తర్వాత లెక్కలు తిరగేస్తే, కలిసిన క్రిమి మోతాదు అందరికీ ఒకేలా లేదని తేలింది. రక్తం మీద నేరం మోపేముందు ఎవరు ఎంత క్రిమిని మింగారో, పీల్చారో చూడాలన్నమాట. కవలల మీద చేసిన పరిశీలనల్లో ఒకే పోలిక కవలలిద్దరికీ టీబీ రావడం ఎక్కువగా కనిపించింది నిజమే. కానీ కవలలు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పెరుగుతారు కూడా.

మనకు దగ్గర్లోని మదనపల్లెకు ఈ చరిత్రలో పెద్ద చోటే ఉంది. టీబీ రోగులను ఉంచి చూసే ఆరోగ్యవరం శానిటోరియం అక్కడిదే. 1948లో దేశంలో బీసీజీ టీకా (బలహీనపరిచిన క్రిమితో చేసే టీబీ టీకా) మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1956లో మద్రాసులో పెట్టిన పరిశోధన కేంద్రం ఇంకో పెద్ద ప్రశ్న తీసుకుంది: రోగిని ఇంట్లోనే ఉంచి మందులిస్తే ఇంటిల్లిపాదికీ అంటదా? శానిటోరియంలో పెట్టినవాళ్ళ ఇళ్ళతో పోలిస్తే ముప్పు పెరగలేదు. అంటాల్సింది చాలావరకు మందు మొదలుకాక ముందే అంటేసి ఉంటుంది. పళ్ళెం, గ్లాసు వేరు పెట్టి అవమానించడం ఎంత దండగో దీన్నిబట్టే తెలుస్తుంది.

జన్యువుల సంగతి 1996లో గట్టిగా బయటపడింది. మాల్టా, ట్యునీషియాల్లో కొన్ని కుటుంబాల పిల్లలు క్షయ క్రిమికి చుట్టాలైన బలహీనమైన క్రిములకే, ఒక బిడ్డ అయితే బీసీజీ టీకాకే, కుప్పకూలారు. గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతాన్ని అందుకునే భాగం వాళ్ళ కణాల్లో చెడిపోయి ఉంది. ఆ సంకేతం అందితేనే రక్షక కణం తాను మింగిన క్రిమిని చంపగలదు. ఇలాంటి లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడేది కాబట్టి మేనరికాలు ఎక్కువున్న మన సీమలో దీన్ని పక్కన పెట్టలేం. అయితే ఇవి చాలా అరుదు. మామూలు టీబీ రోగి ఇంట్లో ఇలా ఒకే జన్యువు మీద వేలు పెట్టి చూపడం కుదరదు. ఒక దేశంలో దొరికిన తేడా ఇంకో దేశంలో దొరకని సందర్భాలు ఎన్నో.

టీఎన్ఎఫ్ అనే ఇంకో సంకేతం, రక్షక కణాలు క్రిమి చుట్టూ కట్టిన గూడును కాపాడుతుంది. కీళ్ళవాతానికి దాన్ని అణిచే ఇంజెక్షన్లు వాడితే నిద్రపోతున్న టీబీ లేచిందని 2001లో గమనించారు. ఐఎల్-10 అనే మరో సంకేతం బ్రేకు లాంటిది. మరీ ఎక్కువైతే పోరాటమే మందగిస్తుంది. హైదరాబాద్‌లో కూడా టీబీ రోగుల్లో, వాళ్ళ ఇంటివాళ్ళలో ఈ సంకేతాల జన్యువులను పోల్చి చూశారు. ఇంటర్‌ఫెరాన్‌ను కొలిచే రక్తపరీక్ష ఇప్పుడు ల్యాబుల్లో దొరుకుతోంది. క్రిమి లోపలికి వచ్చిందా లేదా అన్నదే అది చెప్తుంది, ఎవరు జబ్బు పడతారో చెప్పదు. పాజిటివ్ అని చూసి టెన్షన్ పడేవాళ్ళకు ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పరు.

నా మటుకు నాకు జన్యువుల కంటే జార్ఖండ్‌లో 2019లో మొదలైన అధ్యయనమే ఎక్కువ గుర్తుంటుంది. రోగి ఇంటివాళ్ళకు కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇస్తే, రోగికి మాత్రమే ఇచ్చిన ఇళ్ళతో పోల్చినప్పుడు ఇంటివాళ్ళలో కొత్త టీబీ 39 శాతం తగ్గింది. తాతకూ చిన్నాయనకూ ఉమ్మడిగా ఉన్నది రక్తమొక్కటే కాదు. గాలి ఆడని గది, అరకడుపు కూడు, తాడిపత్రి లాంటి చోట గ్రానైట్ కోసే పనైతే ఊపిరితిత్తుల్లో పేరుకునే రాతిదుమ్ము కూడా ఉమ్మడివే.

2021 నుంచి మన దేశంలో ఊపిరితిత్తుల టీబీ తేలిన ఇంట్లో అన్ని వయసులవాళ్ళకూ ముందుజాగ్రత్త మాత్రలు ఇవ్వాలన్నారు. అంతకుముందు అయిదేళ్ళలోపు పిల్లలకూ, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకూ మాత్రమే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటివి అడిగి, కుదిరితే ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేల్చుకున్నాకే మొదలుపెడతారు. రోజూ ఒకటి చొప్పున ఆరు నెలలు, లేదంటే వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు. ఆశా కార్యకర్త ఆ మాత్రలు తెస్తే "జబ్బు లేనోళ్ళకు మందేంది?" అని వెనక్కి పంపేవాళ్ళూ, సంబంధం అడిగేటప్పుడు ఆ ఇంటి రక్తం గురించి గుసగుసలాడేవాళ్ళూ చాలాసార్లు ఒకే ఊరివాళ్ళు.