గొడుగు మనిషి కాళ్ళ దగ్గర కప్ప

ప్రియమైన పిల్లలకు,

జపాన్ ఆటల్లో, బొమ్మల కథల్లో ఎక్కడ చూసినా కప్ప ఎందుకుంటుంది తాతయ్యా అని అడిగారు. ఫోనులో తేలే విషయం కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను.

మీరు చూసే నరుటో అనే జపాన్ బొమ్మల కథలో జిరాయా గోదురుకప్పలను పిలుస్తాడు, ఒరోచిమారు పాములను, సునాడె గుల్ల లేని నత్తను. ఆ పేర్లు ఇప్పటివి కావు. 1839లో మొదలై ఏళ్ళ తరబడి భాగాలుగా వెలువడిన ఒక సాహస కథలో ఇవే పేర్లు, ఇవే జంతువులు. అక్కడ సునాడె జిరాయాకు భార్య.

ఆ మూడు జంతువులే ఎందుకు? ముషికెన్ అని వేళ్ళతో ఆడే పాత ఆట ఒకటుంది. బొటనవేలు చూపితే కప్ప, చూపుడువేలు పాము, చిటికెనవేలు నత్త. పాము కప్పను మింగుతుంది, కప్ప నత్తను మింగుతుంది. మరి పామును నత్త ఏం చేయగలదు? దాని జిగురు తగిలితే పాము కరిగిపోతుందని పూర్వం నమ్మేవారు. శాస్త్రం ఒప్పుకోదు గానీ, ఆటకు ఆ నమ్మకం చాలు. మీ రాయి, కాగితం, కత్తెరకు ఇది పెద్దక్క వరస. ఆడి చూడండి, చిటికెనవేలు చటుక్కున లేపబోతే ఉంగరపు వేలు కూడా వెంటపడి లేస్తుంది!

ఇక పేకముక్కలు. జపాన్ వాళ్ళ హనాఫుదా పేకలో నెలకు నాలుగు చొప్పున 48 ముక్కలు. అంకెలుండవు, పూలూ చెట్లే. నవంబరు ముక్కల్లో ఒకదాని మీద గొడుగు పట్టుకున్న పెద్దమనిషి, ఆయన కాళ్ళ దగ్గర చిన్న కప్ప. ఆయన కుంచెతో అందంగా రాయడంలో పేరుమోసిన పదో శతాబ్దపు లేఖకుడు ఒనో నో తోఫూ. రాత కుదరక విసుగెత్తి నడుస్తుంటే, విల్లో చెట్టు కొమ్మను అందుకోవాలని ఎగిరి పడుతూ, మళ్ళీ ఎగురుతున్న కప్ప కనిపించిందట. చివరికి అది కొమ్మను పట్టుకుంది, ఆయన మళ్ళీ కుంచె పట్టాడు. జరిగిందో లేదో గానీ చిత్రకారులకు మాత్రం ఆ కథ మహా ఇష్టం. ఈ ముక్కలు తయారుచేస్తూ 1889లో క్యోటోలో మొదలైన దుకాణమే నేటి వీడియో ఆటల కంపెనీ నింటెండో. 1988లో అదే కంపెనీ తన వీడియో ఆటలో కథానాయకుడు మారియోకు కప్ప వేషం వేసింది. నీళ్ళలో ఒడుపుగా ఈదుతాడు, నేల మీద గెంతుతూ అవస్థపడతాడు. కప్పను బాగా గమనించినవాళ్ళ పనే అది.

అంతకన్నా పాతవి క్యోటోలోని కొసాన్‌జీ ఆలయపు చుట్టి ఉంచే పొడవాటి కాగితపు చిత్రాలు, పన్నెండో, పదమూడో శతాబ్దాల నాటివి. వాటిలో కప్ప కుందేలును కుస్తీలో ఎత్తి పడేస్తుంది. గెలిచిన కప్ప నోట్లోంచి గీతలు గీతలుగా అరుపు వస్తుంటుంది.

చివరగా ఒక జానపద కథ. బావిలో కప్ప అని మనం అన్నట్టే వాళ్ళూ అంటారు, కానీ ఈ రెండు కప్పలూ లోకం చూడాలని బయలుదేరాయి. క్యోటో కప్ప ఒసాకాకు, ఒసాకా కప్ప క్యోటోకు. కొండ మీద ఎదురుపడ్డాయి. ఇంకా సగం దారి ఉంది, కాళ్ళు నొప్పులు. ఇక్కడి నుంచే చూద్దామని వెనక కాళ్ళ మీద లేచి, ఒకదాని భుజాలు ఒకటి పట్టుకుని, ముక్కు వెళ్ళవలసిన ఊరి వైపు పెట్టి చూశాయి. "అరె, ఒసాకా అచ్చం మా క్యోటోలాగే ఉందే!" అంది ఒకటి. "క్యోటో కూడా అంతే!" అంది రెండోది. ఇంతదానికి నడవడమెందుకని రెండూ వెనక్కి తిరిగిపోయాయి.

కప్పకు కళ్ళు ఎక్కడుంటాయో బాగా చూసి, అవి ఎక్కడ పొరబడ్డాయో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య