సర్వర్ చిప్‌ల పోరు: 2003లో తేలిన లెక్క

దశాబ్దాల పాటు ఒకరి మార్కెట్‌ను ఒకరు లాక్కోవడానికే పోటీపడిన ఇంటెల్, ఏఎండీ సంస్థలు 2024 అక్టోబరులో తమ చిప్‌లు రెండూ వాడే ఆదేశాల భాష అయిన ఎక్స్86 కోసం ఉమ్మడి సలహా బృందాన్ని ఏర్పాటు చేయడంతో, సర్వర్లలో దాని పోటీదారు, ఫోన్ల చిప్‌లలో ఎక్కువగా కనిపించే ఆర్మ్ ఎంతవరకు పాగా వేస్తుందన్న వాదన మళ్లీ మొదలైంది. ఆర్మ్ పక్షం వారు విద్యుత్ ఆదాను ముందుకు తెస్తున్నారు. అసలు ప్రశ్న మాత్రం, పాత ప్రోగ్రాములను కొత్త చిప్‌కు మార్చే ఖర్చు ఎవరు భరిస్తారన్నదే.

ఆ ప్రశ్నకు 2003 ఏప్రిల్‌లో స్పష్టమైన జవాబు దొరికింది. అప్పటికి ఇంటెల్, హెచ్‌పీ కలిసి రూపొందించిన ఐటేనియం అనే సర్వర్ చిప్ మార్కెట్లోకి వచ్చి రెండేళ్లయింది. ఎక్కువ మెమరీని వాడుకోగలిగే 64 బిట్ల చిప్‌ల యుగానికి అదే దారి అని ఇంటెల్ చెప్పేది. అయితే ఎక్స్86 ప్రోగ్రాములు దానిపై నత్తనడక నడిచేవి. దాని సత్తా బయటపడాలంటే ప్రోగ్రాములను కొత్తగా కంపైల్ చేసుకోవాలి, అంటే ప్రోగ్రామర్లు రాసిన సోర్స్ కోడ్‌ను ఆ చిప్ ఆదేశాల్లోకి మార్చుకోవాలి, అది కూడా ఆ పని చేసే కంపైలర్ నేర్పును బట్టే. ఏఎండీ తెచ్చిన ఆప్టెరాన్ చిప్ పాత ఎక్స్86 ఆదేశాలనే 64 బిట్లకు విస్తరించి, 32 బిట్ల ప్రోగ్రాములను కూడా పూర్తి వేగంతో నడిపింది. కొనుగోలుదారు పోగొట్టుకునేది ఏమీ లేకపోయింది. మరుసటి ఏడాది ఇంటెల్ తన సర్వర్ చిప్ జియాన్‌లో అదే విస్తరణను చేర్చక తప్పలేదు. ఐటేనియం సరఫరా 2021 వరకు సాగినా, దాని భవితవ్యం 2004లోనే తేలిపోయిందని నా అభిప్రాయం.

ఆర్మ్ సర్వర్ల తొలి ప్రయత్నాలు పాత ప్రోగ్రాములను మార్చే ఖర్చు అనే ఇదే గోడకు తగిలాయి. తన చిప్‌లు తక్కువ కరెంటుతో నడుస్తాయని చెప్పుకున్న కాల్క్సెడా సంస్థ 2013 చివర్లో మూతపడింది. 2017లో ఆర్మ్ ఆధారిత సెంట్రిక్ చిప్‌ను విడుదల చేసిన క్వాల్‌కామ్ మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది.

అమెజాన్ వచ్చాక లెక్క మారింది. 2015లో ఇజ్రాయెల్‌కు చెందిన చిప్‌ల సంస్థ అన్నపూర్ణ ల్యాబ్స్‌ను కొని, 2018లో గ్రావిటన్ అనే సొంత ఆర్మ్ చిప్‌ను ప్రకటించిన ఆ సంస్థకు చిప్‌ను ఎవరికీ అమ్మాల్సిన పని లేదు: యంత్రం తనదే, దాన్ని ఇంటర్నెట్ ద్వారా వాడుకునేవారికి అద్దె నిర్ణయించేదీ తనే, తన సేవల వెనుక నడిచే ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేసుకోగలిగేదీ తనే. మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, గూగుల్ ఆక్సియన్ అనే సొంత ఆర్మ్ చిప్‌లతో అదే బాట పట్టాయి.

ఇదంతా ఆర్మ్ విజయమేనని ప్రచారం చేసేవారు, సోర్స్ కోడ్ చేతిలో లేక తిరిగి కంపైల్ చేసుకోలేని చిన్న సంస్థలను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎప్పుడో కొన్న ప్రోగ్రాము మీద జీతాలు, ఖాతాలు నడుపుకుంటున్న సంస్థకు గ్రావిటన్ అద్దె తక్కువన్న మాట ఒక్కటే సరిపోదు. ఆ ప్రోగ్రాము విండోస్ సర్వర్ మీద నడిచేదైతే, అమెజాన్‌లోనైనా వారు తీసుకోవాల్సింది ఇంటెల్ లేదా ఏఎండీ యంత్రమే.