మేయర్‌బీర్ మీద అపోహలు - వాస్తవాలు

ఒపెరా సింగర్స్‌కి రిహార్సల్స్‌లో పియానో వాయించడం నా పని. ఈ ఫీల్డ్‌లో పందొమ్మిదో శతాబ్దపు ఒపెరా స్వరకర్త మేయర్‌బీర్ పేరెత్తితే చాలు "ఆర్భాటం ఎక్కువ, సరుకు తక్కువ" అనేస్తారు, అన్నవాళ్ళలో ఆయన స్కోరు (స్వరాలు రాసిన పుస్తకం) తెరిచి చూసినవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. అందుకే రాస్తున్నా.

అపోహ: డబ్బుతో పత్రికల్ని కొని పైకొచ్చాడు.
వాస్తవం: 1791లో పుట్టారు, బెర్లిన్‌లో చక్కెర వ్యాపారం చేసే బాగా కలిగిన యూదు కుటుంబం, జర్నలిస్టులకి విందులిచ్చిన మాటా నిజమే. కానీ ఆయన ఒపెరా 'లే హ్యూగెనో' ఒక్క పారిస్ ఒపెరాలోనే వెయ్యిసార్లు పైన ఆడింది, అందులో చాలావరకు 1864లో ఆయన పోయాకే. విందులిచ్చి అన్నేళ్ళు జనాన్ని రప్పించలేరు కదా.

అపోహ: కెరీర్ కోసం మతం మారాడు.
వాస్తవం: మారలేదు. 1812లో తాతగారు పోయినప్పుడు మారనని అమ్మకి మాటిచ్చారు, చివరిదాకా నిలబెట్టుకున్నారు. ఆయన సమాధి ఉన్నది బెర్లిన్ యూదుల శ్మశానంలోనే.

అపోహ: జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఆయన మీద చేసింది ఉత్త సంగీత విమర్శ.
వాస్తవం: ఇక్కడే నాకు బాగా బాధేస్తుంది. పారిస్‌లో వాగ్నర్ అప్పుల్లో మునిగి ఉన్నప్పుడు సిఫార్సు ఉత్తరాలు రాసింది మేయర్‌బీర్, 1842లో డ్రెస్డెన్‌లో వాగ్నర్ ఒపెరా 'రియెంజీ' స్టేజ్ ఎక్కడానికి ఆయన మాట సాయం ఉంది. అదే వాగ్నర్ 1850లో మారుపేరుతో 'సంగీతంలో యూదుతనం' అని వ్యాసం రాశాడు, యూదులకి యూరప్ భాషలు ఎప్పటికీ పరాయివే, కాబట్టి వాళ్ళు అనుకరించగలరు తప్ప లోపల్నుంచి పాట పుట్టదు అని. అంటే ఒక్క స్వరం వినకముందే తీర్పు అయిపోయింది. మేయర్‌బీర్ పేరు రాయలేదు గానీ ఎవర్ని అన్నాడో చదివినవాళ్ళకి తెలిసిపోయింది. 1869లో సొంత పేరుతో మళ్ళీ అచ్చేయించాడు, అప్పటికి మేయర్‌బీర్ బతికే లేరు. "కారణం లేని ఎఫెక్టులు" అన్న మాట కూడా వాగ్నర్‌దే, మనం ఇప్పటికీ సొంత అభిప్రాయంలా అప్పజెప్పేది దాన్నే.

మరో జర్మన్ స్వరకర్త షూమన్‌కి కూడా 'లే హ్యూగెనో' అస్సలు నచ్చలేదు, 1837లో గట్టిగానే రాశాడు. నచ్చకపోవడం తప్పు కాదు, పుట్టుకని బట్టి సంగీతాన్ని కొలవడం తప్పు.

అపోహ: అంతా ఆర్భాటమే.
వాస్తవం: 'లే హ్యూగెనో' కథ 1572లో పారిస్‌లో ప్రొటెస్టెంట్లని ఊచకోత కోసిన రాత్రిది. ఐదో అంకంలో చావు ముంగిట నిలబడ్డ ప్రేమికులు రావుల్, వాలెంటీన్ ఇద్దర్నీ రావుల్ ముసలి సేవకుడు మార్సెల్ ప్రశ్నలడుగుతుంటే, తోడుగా బాస్ క్లారినెట్ (మంద్రంగా మోగే ఊదే వాయిద్యం) ఒక్కటే వినిపిస్తుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రా చేతిలో పెట్టుకుని దాన్ని మూసేసి కూర్చోబెట్టిన మనిషిది ఆర్భాటం ఎలా అవుతుంది?

అపోహ: జనమే మర్చిపోయారు.
వాస్తవం: కొంత నిజం, ఖర్చు ఎక్కువ, అలా పాడగలిగే గొంతులు ఒకేచోట ఆరేడు దొరకాలి. కానీ జర్మనీలో ఆయన సంగీతాన్ని నాజీలు నిషేధించారు, అది మరపు కాదు. పారిస్ ఒపెరా 2018లో 'లే హ్యూగెనో' మళ్ళీ వేసింది.

కొత్తగా వినేవాళ్ళు దాని నాలుగో అంకంలో రావుల్, వాలెంటీన్ డ్యూయెట్‌తో మొదలుపెట్టండి, అంత తిట్టిన వాగ్నర్ కూడా అది బాగుందని ఒప్పుకున్నాడు.