16 జీబీలో మనది ఎంత? డేటాబేస్ మెమరీపై అపోహలు – వాస్తవాలు

డేటాబేస్ నెమ్మదించిందని ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఆఫీసులో ఒకే తంతు. డేటాబేస్ నడిపే మేము, ఒకే యంత్రాన్ని అనేక వర్చువల్ మెషీన్లుగా (వీఎంలుగా) పంచి ఇచ్చే వర్చువలైజేషన్ బృందం దగ్గరికి వెళ్లి మెమరీ పెంచమంటాం. వారు "16 జీబీ ఇచ్చాం కదండీ, ఇంకా ఎంత కావాలి?" అంటారు. పనిలో చేరిన కొత్తలో ఈ వాదనలో న్యాయం ఎప్పుడూ మా వైపే ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడు ముందు ఆ 16 జీబీ ఎవరెవరి చేతుల్లో ఉందో లెక్క తీస్తాను. అడగాల్సిన అవసరం చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. నేను నడిపేది లినక్స్ వీఎంల మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

అపోహ: సర్వర్ డేటాబేస్‌కే ప్రత్యేకం కనుక మెమరీలో 80 శాతం దానికే ఇచ్చేయాలి.

వాస్తవం: ఈ 80 శాతం మాట మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ ప్రపంచం నుంచి వచ్చింది. అక్కడ డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీకి ఉండే బఫర్ పూల్ అనే సొంత మెమరీకి అది చెల్లుతుంది. O_DIRECT అనే పద్ధతిలో నడిచే ఇన్నోడీబీ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను (ఫైళ్ల కాపీలను మెమరీలో ఉంచే చోటును) పక్కనపెట్టి డేటా ఫైళ్లను తానే చదువుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అలా కాదు. డిస్క్ నుంచి వచ్చే ప్రతి పేజీ (డేటా ముక్క) ముందు లినక్స్ క్యాష్‌లోకి, అక్కడి నుంచి షేర్డ్ బఫర్స్ అనే పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్‌లోకి వస్తుంది. షేర్డ్ బఫర్స్‌ను విపరీతంగా పెంచితే అదే పేజీ రెండు చోట్లా కూర్చుంటుంది, క్వెరీలు సార్ట్ చేసుకోవడానికి చోటు మిగలదు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ 25 శాతంతో మొదలుపెట్టమంటుంది, 40 శాతం దాటితే పెద్దగా ఫలితం ఉండకపోవచ్చని కూడా చెబుతుంది. 16 జీబీ వీఎంలో నేను 4 జీబీతో మొదలుపెడతాను. అలాగని ఎవరూ ముట్టుకోని 128 ఎంబీ డిఫాల్ట్‌తో ఏళ్ల తరబడి నడిచిన ప్రొడక్షన్ సర్వర్లనూ చూశాను, అది మరో చివర.

అపోహ: వర్క్ మెమ్ అంటే ఒక్కో కనెక్షన్‌కు ఇచ్చే మెమరీ.

వాస్తవం: నా నిద్ర ఎక్కువగా చెడగొట్టింది ఈ అపోహే. వర్క్ మెమ్ కనెక్షన్‌కు కాదు, క్వెరీలోని ఒక్కో సార్ట్‌కు (వరుసలను క్రమంలో పేర్చడానికి), ఒక్కో హ్యాష్‌కు (టేబుళ్లను జోడించడం వంటి వాటికి మెమరీలో వేసుకునే పట్టికకు) విడివిడిగా వర్తించే పరిమితి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి హ్యాష్ మెమ్ మల్టిప్లయర్ డిఫాల్ట్ 2, అంటే హ్యాష్‌లకు దాని రెట్టింపు. క్వెరీ సమాంతరంగా నడిస్తే డిఫాల్ట్ సెట్టింగుల్లో లీడర్‌తో కలిపి మూడు ప్రాసెస్‌ల వరకు పనిలోకి దిగుతాయి, సార్ట్ చేసే ప్రతి ప్రాసెస్‌కూ తన కోటా తనకు ఉంటుంది.

ఒకచోట నెలాఖరు రిపోర్టు నెమ్మదిగా ఉందని ఎవరో వర్క్ మెమ్‌ను 4 ఎంబీ నుంచి ఏకంగా 256 ఎంబీకి, అదీ సర్వర్ అంతటికీ పెంచారు. రిపోర్టు పరుగెత్తింది. మూడు వారాలు అందరూ సంతోషించారు. నెల చివరి సాయంత్రం పన్నెండు శాఖల వారు ఒకేసారి అదే రిపోర్టు తెరిచారు. ఆ క్వెరీలో రెండు హ్యాష్ జాయిన్లు, ఒక సార్ట్ ఉన్నాయి. హ్యాష్‌లకు 512 చొప్పున, సార్ట్‌కు 256, మొత్తం 1,280 ఎంబీ. పన్నెండుతో గుణిస్తే 15 జీబీ. షేర్డ్ బఫర్స్ 4 జీబీ అప్పటికే ఉంది. వీఎం మొత్తం 16 జీబీ.

వర్క్ మెమ్ పరిమితి మాత్రమే, ముందే తీసి పక్కన పెట్టే సొమ్ము కాదు. అందుకే మూడు వారాలు ఏమీ కాలేదు. ఆ సాయంత్రం అవసరం నిజంగా వచ్చింది, మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపే ఓఓఎం కిల్లర్ (లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది) ఒక ప్రాసెస్‌ను సిగ్నల్ 9తో చంపింది. పోయింది ఒక్కరి రిపోర్టే కదా అనుకోకండి. అలా ఒక ప్రాసెస్ చచ్చిపోతే షేర్డ్ మెమరీ పాడై ఉండవచ్చన్న అనుమానంతో పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి, మార్పులన్నీ ముందుగా రాసుకునే వాల్ లాగ్ నుంచి రికవరీకి వెళుతుంది. రిపోర్టుతో సంబంధం లేని బిల్లింగ్ కౌంటర్లు కూడా నిలిచిపోయాయి.

తర్వాత సర్వర్ అంతటికీ 16 ఎంబీ ఉంచి, రిపోర్టుల యూజర్‌కు మాత్రం 128 ఎంబీ ఇచ్చాం. ఆల్టర్ రోల్ అనే కమాండ్ ఒక్కటి చాలు, సర్వర్ రీస్టార్ట్ కూడా అక్కరలేదు. ఒకేసారి నడిచే రిపోర్టుల సంఖ్యకు కనెక్షన్లను అదుపు చేసే పీజీబౌన్సర్‌తో కళ్లెం వేశాం. లినక్స్‌లోని ఓవర్‌కమిట్ మెమరీ అనే సెట్టింగ్ విలువను 2 చేశాం, దాంతో కెర్నల్ తన దగ్గర లేని మెమరీని అప్పిచ్చి తర్వాత పీక పిసికే బదులు అడిగినప్పుడే లేదంటుంది. క్వెరీకి ఎర్రర్ వస్తుంది, సర్వర్ నిలబడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. మెమరీలో ఎంత శాతం వరకు ఇవ్వవచ్చో చెప్పే ఓవర్‌కమిట్ రేషియో డిఫాల్ట్ 50 శాతం. స్వాప్ (మెమరీ చాలనప్పుడు పేజీలను దింపే డిస్క్ చోటు) తక్కువగా ఉన్న వీఎంలో ఆ రేషియోను పెంచకపోతే సగం మెమరీ ఖాళీగా ఉన్నా లేదనే జవాబు వస్తుంది.

అపోహ: వీఎం లోపల 16 జీబీ కనిపిస్తోందంటే 16 జీబీ ఉన్నట్టే.

వాస్తవం: తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. లినక్స్‌కు పైఅధికారిగా హైపర్‌వైజర్ ఉంటుంది, అసలు యంత్రాన్ని (హోస్ట్‌ను) వీఎంలకు పంచేది అదే. అది హోస్ట్‌లో నిజంగా ఉన్న మెమరీ కంటే ఎక్కువ మెమరీని వీఎంలన్నిటికీ కలిపి వాగ్దానం చేయగలదు. అందరూ ఒకేసారి అడగనంత కాలం బండి సాగిపోతుంది. అడిగిన రోజున వీఎమ్‌వేర్ అయితే బెలూన్ డ్రైవర్‌ను రంగంలోకి దింపుతుంది. వీఎంలో ఏ పేజీ అవసరమో, ఏది కాదో హైపర్‌వైజర్‌కు బయటి నుంచి తెలియదు. అందుకని వీఎం లోపలే ఉన్న ఈ డ్రైవర్ ఒక మామూలు ప్రోగ్రామ్ అడిగినట్టే లినక్స్‌ను మెమరీ అడిగి, పట్టుకున్నదంతా హోస్ట్‌కు అప్పగిస్తుంది. లినక్స్ ముందు ఫైల్ క్యాష్ వదులుతుంది. పోస్ట్‌గ్రెస్ ఆధారపడేది సరిగ్గా ఆ క్యాష్ మీదే. ఇంకా చాలకపోతే స్వాప్ మొదలవుతుంది.

దీని ఆనవాలు ఒకటి చెబుతాను. ఒకసారి టాప్ కమాండ్‌లో ప్రాసెస్‌లన్నిటినీ కూడితే, షేర్డ్ మెమరీని ఒక్కసారే లెక్కేస్తే, 9 జీబీ వచ్చింది. వాడుకలో ఉన్నది మాత్రం 14 జీబీ అని చూపిస్తోంది. మధ్యలోని 5 జీబీకి యజమాని లేడు. కెర్నల్ సొంతానికి వాడే స్లాబ్ చూశాం, ఏ పేజీ ఎక్కడుందో రాసుకునే పేజ్ టేబుల్స్ చూశాం, అక్కడా లేదు. వీఎమ్‌వేర్ టూల్స్‌లోని కమాండ్‌తో బెలూన్ ఎంతుందో అడిగితే ఆ 5 జీబీ అక్కడ తేలింది. వెంటనే బెలూన్ డ్రైవర్ తీసేద్దామన్నారు ఒకరు. అది గోరుచుట్టుపై రోకటిపోటు. బెలూన్ లేకపోతే హైపర్‌వైజర్ ఆ వీఎం పేజీలనే తన డిస్క్‌కు స్వాప్ చేయగలదు. అప్పుడు వీఎం లోపలి ఏ కమాండ్‌లోనూ ఏమీ కనిపించదు, క్వెరీలు మాత్రం కారణం తెలియకుండా ఈడుస్తాయి. డేటాబేస్ వీఎంకు మెమరీ రిజర్వేషన్ (ఆ మెమరీని హోస్ట్ వెనక్కి తీసుకోదన్న హామీ) పెట్టించుకోవడమే సరైన దారి. ఇప్పుడు నేను 32 జీబీ అడగను, 16 జీబీ రిజర్వేషన్‌తో అడుగుతాను. వర్చువలైజేషన్ బృందానికి రెండోదే ఎక్కువ ఇష్టం ఉండదు, అది వేరే సంగతి.

అపోహ: మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో ఫ్రీ అన్న చోట 300 ఎంబీయే ఉంది, మెమరీ అయిపోయింది.

వాస్తవం: చూడాల్సింది అవైలబుల్ అన్న గడి. ఖాళీగా ఉన్న మెమరీతో ఏదో ఒక ఫైల్‌ను క్యాష్ చేసుకోవడం లినక్స్ స్వభావం. అయితే బఫ్/క్యాష్ గడిలోని అంకె అంతా తిరిగి వస్తుందనీ అనుకోవద్దు, షేర్డ్ బఫర్స్ వాటా కూడా అందులోనే కలిసి ఉంటుంది.

అపోహ: డేటాబేస్ సర్వర్‌లో స్వాప్ ఉండకూడదు.

వాస్తవం: కొద్దిగా ఉండనివ్వండి. లినక్స్ స్వాప్‌కు ఎంత తొందరపడాలో చెప్పే స్వాపీనెస్‌ను డిఫాల్ట్ 60 నుంచి 1కో, 10కో దించండి. కదలికలేని పేజీలు నాలుగు స్వాప్‌లో పడుకుంటే నష్టం లేదు. వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో ఎస్‌ఐ, ఎస్‌ఓ గడులు (స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌కు వెళ్లేది) నిమిషాల తరబడి కదులుతుంటేనే ఆందోళన పడాలి.

అపోహ: హ్యూజ్ పేజెస్ (4 కేబీకి బదులు 2 ఎంబీ పేజీలు) పెద్ద సంస్థలకే.

వాస్తవం: 32 జీబీ వీఎం, 8 జీబీ షేర్డ్ బఫర్స్, 200 కనెక్షన్లు తీసుకోండి. ఇది పెద్ద సంస్థేమీ కాదు. 8 జీబీని 4 కేబీ పేజీలుగా కోస్తే దాదాపు 21 లక్షల పేజీలు. ఒక్కో పేజీకి పేజ్ టేబుల్‌లో 8 బైట్లు, అంటే 16 ఎంబీ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రాసెస్, ప్రతి ప్రాసెస్‌కూ సొంత పేజ్ టేబుల్. ఎక్కువ కాలం తెరిచి ఉన్న 200 కనెక్షన్లు బఫర్లన్నీ తడిమితే 3 జీబీకి పైగా చిరునామాల పుస్తకానికే పోతుంది. 2 ఎంబీ పేజీలైతే ఒక్కో ప్రాసెస్‌కు 32 కేబీ. వీఎంలో ఇంకో లాభం ఉంది. ఇక్కడ ప్రతి చిరునామానూ వీఎం టేబుల్‌లో ఒకసారి, హైపర్‌వైజర్ టేబుల్‌లో ఒకసారి వెతకాలి కాబట్టి పెద్ద పేజీలు ఆ తిప్పలు తగ్గిస్తాయి. కెర్నల్ తనంతట తానే పెద్ద పేజీలు కట్టే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ మాత్రం వేరు, పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి.

అపోహ: క్యాష్ హిట్ రేషియో 99 శాతం ఉంటే ట్యూనింగ్ పూర్తయినట్టే.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్ లెక్కలో హిట్ అంటే పేజీ షేర్డ్ బఫర్స్‌లో దొరకడం మాత్రమే. దొరకనిది డిస్క్ నుంచే వచ్చిందని కాదు, లినక్స్ క్యాష్ నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. అంతకంటే చిత్రం ఏమిటంటే, చెత్త క్వెరీ ఈ అంకెను పెంచుతుంది. ఒక చిన్న టేబుల్‌ను లూప్‌లో లక్షసార్లు మొదటి నుంచి చివరి దాకా చదివితే అన్నీ హిట్లే. అలాంటి క్వెరీ ఒకటి పట్టుకుని, లోపం ఉన్న చోట ఇండెక్స్ ఒకటి చేర్చాను. నలభై సెకన్ల స్క్రీన్ ఒక్క సెకనులో తెరుచుకుంది. అనవసరపు హిట్లు పోవడంతో హిట్ రేషియో 99.8 నుంచి 97కి దిగింది. మర్నాడు ఉదయం డాష్‌బోర్డ్ చూసిన మేనేజర్ నుంచి సందేశం: "రేషియో పడిపోయిందండీ. నిన్న చేసిన మార్పు వెంటనే వెనక్కి తీసేయండి."